సీఎల్-90 థర్మిస్టర్: నా ట్యూబ్ యాంప్‌లో ఫ్యూజు సైజు సగానికి తగ్గించిన నల్ల బిళ్ల

ట్యూబ్ యాంప్ సొంతంగా కట్టుకునేవాళ్లం అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ గురించి నెలల తరబడి ఆలోచిస్తాం. కప్లింగ్ కెపాసిటర్ ఏ కంపెనీది వాడాలో గంటలు గంటలు వాదించుకుంటాం. మెయిన్స్ తీగ డబ్బాలోకి వచ్చే చోట, స్విచ్చు వేసిన మొదటి క్షణంలో ఏం జరుగుతుందో మాత్రం చాలామంది పట్టించుకోరు. ఈ రివ్యూ అక్కడ పెట్టే ఒక చిన్న భాగం గురించి. పేరు సీఎల్-90. ఇది థర్మిస్టర్, అంటే వేడిని బట్టి రెసిస్టెన్స్ మారే భాగం. ఆంఫినాల్ థర్మోమెట్రిక్స్ వాళ్ల ఇన్‌రష్ కరెంట్ లిమిటర్ల (స్విచ్చు వేసిన క్షణంలో ఎగబడే కరెంటును అడ్డుకునే భాగాల) వరసలో ఒకటి. చూడటానికి రెండు కాళ్ల నల్లటి బిళ్ల, సుమారు రెండు సెంటీమీటర్ల వ్యాసం, అంతే. చల్లగా ఉన్నప్పుడు, అంటే 25 డిగ్రీల దగ్గర, దీని రెసిస్టెన్స్ 120 ఓమ్‌లు. కరెంటు పారి వేడెక్కేకొద్దీ అది కొన్ని ఓమ్‌లకు పడిపోతుంది. నిలకడగా 2 ఆంపియర్ల దాకా తట్టుకుంటుంది.

కొనవచ్చా అంటే, కొనండి. పెద్ద టొరాయిడ్ ట్రాన్స్‌ఫార్మర్ (ఉంగరం ఆకారపు కోర్ ఉన్నది), సిలికాన్ డయోడ్లు ఉన్న ట్యూబ్ యాంప్ మీదైతే తప్పకుండా కొనండి. దీన్ని అమ్మేవాళ్లు, మెచ్చుకునేవాళ్లు చాలామంది "ట్యూబుల ఆయుష్షు పెరుగుతుంది" అనే మాటతో మొదలుపెడతారు. నేను ఆ మాటతో మొదలుపెట్టను. దీన్ని పెట్టాక నాకు కలిగిన అసలు లాభం ఫ్యూజు. అంతకుముందు నా యాంప్‌లో ఫ్యూజు ఉందంటే ఉంది, కానీ అది కాపాడగలిగింది చాలా తక్కువ. ఇప్పుడు కాపాడుతుంది. ఎలాగో చెప్పాలంటే ముందు స్విచ్చు వేసినప్పుడు జరిగేదేమిటో చెప్పాలి.

నా యాంప్‌లో నాలుగు ఈఎల్34 పవర్ ట్యూబులు, ముందు భాగంలో ఈసీసీ83, ఈసీసీ82 జాతి చిన్న ట్యూబులు నాలుగు. పుష్-పుల్ (ఒక్కో చానెల్‌లో రెండు పవర్ ట్యూబులు జంటగా పనిచేసే పద్ధతి), స్టీరియో. 300 వీఏ టొరాయిడ్, 230 వోల్టుల మెయిన్స్, సిలికాన్ డయోడ్ల బ్రిడ్జి, దాని వెనకే 100 మైక్రోఫారడ్ల కెపాసిటర్, ప్లేట్ల మీద 420 వోల్టుల దాకా. బాగా వేడెక్కి స్థిరపడ్డాక మెయిన్స్ నుంచి తీసుకునేది 0.8 ఆంపియర్లు. ఈ 0.8 అనే అంకెను గుర్తుపెట్టుకోండి, తర్వాత దీనితో పని ఉంది.

స్విచ్చు వేసిన క్షణంలో మూడు రకాల ఆకలి ఒక్కసారే మెయిన్స్ మీద పడుతుంది. మొదటిది కెపాసిటర్లది. ఖాళీ కెపాసిటర్ మొదటి క్షణంలో షార్టు సర్క్యూట్‌తో సమానం. వెనకటి రోజుల్లోలాగా జీజెడ్34 రెక్టిఫయర్ ట్యూబు (ఏసీని డీసీగా మార్చేది) ఉంటే అది నెమ్మదిగా వేడెక్కి నెమ్మదిగా నింపుతుంది. సిలికాన్ డయోడ్లు క్షణం కూడా ఆగవు. అయితే ఈ ఆకలి కొన్ని సైకిళ్లలోనే తీరిపోతుంది.

రెండోది హీటర్లది, అంటే ట్యూబులో ఎలక్ట్రాన్లను విడుదల చేసే కేథోడ్‌ను వేడిచేసే తీగలది. టంగ్‌స్టన్ తీగ చల్లగా ఉన్నప్పుడు దాని రెసిస్టెన్స్ వేడిగా ఉన్నప్పటి దానిలో చిన్న భాగమే. ఈఎల్34 హీటరు 6.3 వోల్టుల దగ్గర 1.5 ఆంపియర్లు తీసుకుంటుంది, అంటే వేడిగా 4.2 ఓమ్‌లు. చల్లటి ట్యూబును సాకెట్ నుంచి తీసి మీటరు పెట్టి చూడండి. నా దగ్గరున్నవి 0.7 ఓమ్ అటూ ఇటూ చూపించాయి (ఇంత చిన్న రెసిస్టెన్స్ కొలిచేటప్పుడు ముందు మీటరు తీగల రెసిస్టెన్స్ తీసెయ్యాలి, లేకపోతే అంకె తప్పుతుంది). ఆరో వంతు రెసిస్టెన్స్ అంటే ఆరు రెట్ల కరెంటు. నాలుగు ట్యూబులకు కలిపి 36 ఆంపియర్లు అడుగుతాయి. ట్రాన్స్‌ఫార్మర్ వైండింగ్ తన సొంత రెసిస్టెన్స్ వల్ల అంత ఇవ్వలేదు గానీ, అడగడం మాత్రం అడుగుతాయి. పైగా ఈ ఆకలి కెపాసిటర్లంత త్వరగా తీరదు, సెకన్లు పడుతుంది.

హీటర్ల విషయంలో కళ్లతో చూడదగ్గ దృశ్యం ఒకటి ఉంది. లైట్లు ఆర్పి, పాత ముల్లార్డ్ ఈసీసీ83 ఉన్న యాంప్‌ను ఆన్ చేసి, ట్యూబు అడుగు భాగం చూడండి. కేథోడ్ గొట్టంలోంచి హీటరు తీగ బయటికొచ్చి పిన్ను వైపు వెళ్లే ఆ రెండు మూడు మిల్లీమీటర్ల ముక్క ఒక్క క్షణం తెల్లగా భగ్గుమంటుంది. మరుక్షణం ఆరిపోయినట్టయి, ఆ తర్వాత మెల్లగా నారింజ రంగులోకి వస్తుంది. మొదటిసారి చూసినవాళ్లు ట్యూబు పోయిందనే అనుకుంటారు. జరిగేదేమిటంటే, కేథోడ్ లోపలున్న తీగ తన వేడిని చుట్టూ ఉన్న గొట్టానికి ఇచ్చుకుంటూ నిదానంగా వేడెక్కుతుంది. బయట ఉన్న ఆ చిన్న ముక్కకు వేడిని పంచుకునే తోడు లేదు. మిగతా తీగ ఇంకా చల్లగా ఉండి ఎక్కువ కరెంటును పారనిస్తుంటే, ఆ ముక్క ఒక్కటే ముందుగా మండుతుంది. లోపలి తీగ వేడెక్కి కరెంటు తగ్గగానే అది చల్లబడుతుంది. దీనివల్ల ట్యూబు వెంటనే పాడవుతుందేమీ లేదు. దశాబ్దాలుగా ఇలా మెరుస్తూ, ఇంకా చక్కగా పాడుతున్న ట్యూబులు నా దగ్గరే ఉన్నాయి. అయినా చూస్తుంటే మనసుకు ఇబ్బందిగానే ఉంటుంది.

మూడోది ట్రాన్స్‌ఫార్మర్ కోర్. నా దృష్టిలో అన్నిటికన్నా పెద్దది ఇదే, జనం అన్నిటికన్నా తక్కువ మాట్లాడేదీ దీని గురించే. మెయిన్స్ వోల్టేజి శిఖరం మీద ఉన్నప్పుడు స్విచ్చు పడితే కోర్‌లో ఏ గొడవా ఉండదు. సున్నా దాటుతున్న క్షణంలో పడిందనుకోండి, ఆ మొదటి అర సైకిల్‌లో కోర్‌లోని అయస్కాంత ప్రవాహం మామూలు గరిష్ఠానికి రెట్టింపు దాకా పోవాలని చూస్తుంది. దానికి తోడు పోయినసారి ఆపినప్పుడు కోర్‌లో మిగిలిపోయిన అయస్కాంతత్వం కూడా అదే దిశలో ఉంటే ఇంకా పైకి. కోర్ అంత మోయలేదు, సాచురేట్ అయిపోతుంది. అప్పుడు ప్రైమరీ వైండింగ్ ఇక ట్రాన్స్‌ఫార్మర్‌లా ప్రవర్తించదు, ఉత్త రాగి తీగ చుట్టగా మిగులుతుంది. నా టొరాయిడ్ ప్రైమరీ మూడున్నర ఓమ్‌లు. 230 వోల్టుల మెయిన్స్ శిఖరం 325 వోల్టులు. భాగహారం మీరే చేసుకోండి, 90 ఆంపియర్లు దాటుతుంది. గోడలోని వైరింగ్, ప్లగ్గు, స్విచ్చు కొంత తగ్గిస్తాయి. తగ్గించినా అది చిన్న అంకె కాదు. ఇంగ్లిష్ ఈ, ఐ అక్షరాల ఆకారపు పలకలు పేర్చిన ఈఐ కోర్‌లో ఆ పలకలు కలిసే చోట సన్నని సందులు ఉంటాయి కాబట్టి అయస్కాంతత్వం అంతగా మిగలదు. టొరాయిడ్‌లో ఆ సందే లేదు, అందుకే దీని దెబ్బ గట్టిది.

ఈ మూడో రకానికి ఇంకో చిత్రమైన గుణం ఉంది. ప్రతిసారీ ఒకేలా రాదు. స్విచ్చు ఏ క్షణంలో పడుతుందో మన చేతుల్లో లేదు. ఇన్‌రష్ కొలిచే సదుపాయం ఉన్న క్లాంప్ మీటరు పెట్టి చూస్తే నా యాంప్ ఒకసారి 5 ఆంపియర్లు చూపించింది, ఇంకోసారి 30 దాటింది. ఆ మీటరు కొన్ని సైకిళ్ల మీద లెక్కగట్టి చూపిస్తుంది కాబట్టి అసలు శిఖరం ఇంకా పైనే ఉంటుంది. ఒక్కోసారి ఏ చప్పుడూ లేకుండా ఆన్ అవుతుంది, ఒక్కోసారి టొరాయిడ్ "ధమ్" మని ఛాసిస్ అంతా కదిలేలా మోగుతుంది, గదిలో లైటు ఒకసారి మిణుకుమంటుంది. బి-టైపు 10 ఆంపియర్ల ఎంసీబీ (ఇంటి కరెంటు బోర్డులోని బ్రేకర్) 30 నుంచి 50 ఆంపియర్ల మధ్య ఎక్కడైనా తక్షణం పడిపోవచ్చు కాబట్టి, "అప్పుడప్పుడూ బ్రేకర్ పడిపోతోంది, యాంప్‌లో ఏ లోపమూ కనబడటం లేదు" అనే ఫిర్యాదు వెనక చాలాసార్లు ఉండేది ఇదే.

ఫ్యూజు సంగతి ఇప్పుడు అర్థమవుతుంది. 0.8 ఆంపియర్లు తీసుకునే యాంప్‌కు న్యాయంగా 1.25 లేదా 1.6 ఆంపియర్ల స్లో-బ్లో (క్షణికమైన దెబ్బకు వెంటనే పోని రకం) ఫ్యూజు చాలు. కానీ అది పై దెబ్బలకు ఆగదు. నాలుగు రోజులు ఆగి అయిదో రోజు ఎగిరిపోతుంది. అందుకే నేను కట్టిన సర్క్యూట్ గీసినవాళ్లు బొమ్మలోనే 3.15 ఆంపియర్లని రాసి పెట్టారు. అది దెబ్బను తట్టుకునే సైజే గానీ, యాంప్‌ను కాపాడే సైజు కాదు. ఐఈసీ 60127 ప్రమాణం ప్రకారం మామూలు గాజు స్లో-బ్లో ఫ్యూజు తన రేటింగుకు ఒకటిన్నర రెట్ల కరెంటును కనీసం గంటసేపు మోయాలి. 3.15కు ఒకటిన్నర రెట్లంటే 4.7 ఆంపియర్లు. 230 వోల్టుల దగ్గర అది వెయ్యి వీఏ పైమాటే. 300 వీఏ ట్రాన్స్‌ఫార్మర్‌లోంచి గంటసేపు వెయ్యి వీఏ పారినా ఆ ఫ్యూజు పోకుండా ఉండే హక్కు దానికి ఉందన్నమాట. ఈ లోపల ట్రాన్స్‌ఫార్మర్ ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. యాంప్ మొత్తంలో బరువైనది, ఖరీదైనది, మళ్లీ అచ్చం అలాంటిది దొరకడం కష్టమైనది అదే.

ఇక సీఎల్-90 ఎంపిక. ఈ వరసలో చాలా నంబర్లున్నాయి. ట్యూబ్ యాంప్‌ల వాళ్ల నోట ఎక్కువగా వినిపించేవి మూడు: సీఎల్-60 (10 ఓమ్‌లు, 5 ఆంపియర్లు), సీఎల్-80 (47 ఓమ్‌లు, 3 ఆంపియర్లు), సీఎల్-90 (120 ఓమ్‌లు, 2 ఆంపియర్లు). చాలామంది ఎవరో వాడారని సీఎల్-60 తెచ్చి పెట్టేస్తారు. 230 వోల్టుల మెయిన్స్ మీద అది సరైన ఎంపిక కాదని నా గట్టి అభిప్రాయం. చల్లగా 10 ఓమ్‌లే కాబట్టి దెబ్బ ఇంకా ఇరవై పాతిక ఆంపియర్ల దాకా పోగలదు. పైగా 5 ఆంపియర్లకు తయారైన బిళ్లలో 0.8 ఆంపియర్లు పారితే అది సరిగా వేడెక్కదు, రెసిస్టెన్స్ పూర్తిగా దిగదు. ఈ భాగం తన కరెంటు రేటింగులో చెప్పుకోదగ్గ వాటా పారినప్పుడే బాగా పనిచేస్తుంది. సీఎల్-90లో 120 ఓమ్‌లు అడ్డం ఉంటే, కోర్ ఎంత సాచురేట్ అయినా, 325ను 120తో భాగిస్తే వచ్చే 2.7 ఆంపియర్లే దాదాపు గరిష్ఠం. 120 వోల్టుల మెయిన్స్ ఉన్న దేశాల్లో ఇదే యాంప్ రెట్టింపు కరెంటు తీసుకుంటుంది, అక్కడ సీఎల్-90 తన హద్దుకు మరీ దగ్గరగా వేగుతుంది. వాళ్లకు సీఎల్-80 నయం.

బిగించడం పది నిమిషాల పనే, కానీ చేసే పద్ధతి ముఖ్యం. ప్లగ్గు తీసెయ్యాలి, కెపాసిటర్లలో మిగిలిన వోల్టేజిని రెసిస్టర్‌తో దించి మీటరుతో చూసుకోవాలి. ఇది తెలియనివాళ్లు ఈ పని తెలిసినవాళ్లకు అప్పగించాలి. లైవ్ తీగలో మొదట ఫ్యూజు, తర్వాత స్విచ్చు, ఆ తర్వాత థర్మిస్టర్, అక్కడి నుంచి ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీ. 6.3 వోల్టుల హీటరు వైండింగులో దీన్ని పెట్టకూడదు. అక్కడ పారేది ఏడెనిమిది ఆంపియర్లు, ఈ బిళ్ల దానికి తగదు.

అన్నిటికన్నా జాగ్రత్తగా చూడాల్సింది వేడి. పనిచేస్తున్నంతసేపూ ఈ బిళ్ల వంద డిగ్రీలు సులువుగా దాటి ఉంటుంది. అది లోపం కాదు, వేడిగా ఉంటేనే దాని రెసిస్టెన్స్ తక్కువగా ఉంటుంది. అందుకని కాళ్లు పొట్టిగా కత్తిరించకండి. కాళ్ల వెంట వచ్చే వేడి సోల్డర్ అతుకు దాకా చేరకూడదు. నేను సెరామిక్ టెర్మినల్ మీద కాలును ముందు కొక్కెంలా వంచి గట్టిగా నొక్కి, ఆ తర్వాతే సోల్డర్ పెట్టాను. సోల్డర్ మెత్తబడినా తీగ ఊడిపోకూడదని అలా చేశాను. కాళ్లకు గ్లాస్ ఫైబర్ తొడుగు వేశాను, బిళ్లకు మాత్రం ఏమీ చుట్టలేదు. చుట్టుపక్కల పీవీసీ తీగలు, ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు లేకుండా చూసుకోవాలి. ఛాసిస్‌లో గాలి ఆడే మూల వెతికి పెట్టండి. ఒకరి యాంప్‌లో దీన్ని కెపాసిటర్‌కు ఆనించి పెట్టడం చూశాను, కెపాసిటర్ ప్లాస్టిక్ తొడుగు ఆ పక్కన ముడుచుకుపోయి ఉంది.

పెట్టాక ఏం మారింది? మొదట తెలిసింది చెవికే. "ధమ్" పోయింది. ఎన్నిసార్లు, ఏ క్షణంలో స్విచ్చు వేసినా టొరాయిడ్ మాట్లాడదు. క్లాంప్ మీటరు 3 ఆంపియర్లు దాటలేదు, అంతకన్నా ముఖ్యంగా అంకె దాదాపు ప్రతిసారీ ఒకేలా వస్తోంది. ఈసీసీ83 అడుగున ఆ తెల్లటి మెరుపు పూర్తిగా పోయిందని అనను. చీకట్లో కళ్లు చికిలించి చూస్తే ఒక నారింజ మిణుకు ఉంది. భగ్గుమనడం మాత్రం లేదు. గదిలో లైటు మిణుకుమనడం లేదు. స్విచ్చు వేసేటప్పుడు లోపల వినబడే ఆ చిన్న చిటపట కూడా తగ్గింది. స్విచ్చు కాంటాక్టులు మాడిపోయేది ఇలాంటి దెబ్బలకే కాబట్టి అది కూడా లాభమే.

యాంప్ స్థిరపడ్డాక బిళ్ల రెండు కొసల మధ్య 3 వోల్టులకు కాస్త పైన కొలిచాను. 0.8 ఆంపియర్లతో లెక్కేస్తే నాలుగు ఓమ్‌లు, రెండున్నర వాట్లు. హీటరు వోల్టేజి 6.5 నుంచి 6.4కు దిగింది, నాకు కావాల్సిందీ అదే. మెయిన్స్ 220 వోల్టులని నమ్మి చేసిన పాత యాంప్‌లకు ఈ చిన్న తగ్గుదల నిజంగా మేలు చేస్తుంది. శబ్దంలో తేడా ఏమీ లేదు. ఉందని ఎవరైనా చెప్తే నేను నమ్మను.

ఫ్యూజు 1.6 ఆంపియర్లకు తగ్గించాను. అది ఆగింది. ఆ తర్వాత కొన్నాళ్లకు దాని అసలు పరీక్ష వచ్చింది. బాగా వాడిన పాత ఈఎల్34 ఒకటి పాట మధ్యలో లోపల షార్టయింది. టక్కుమని శబ్దం, గాజులో నీలిరంగు మెరుపు, స్పీకర్లో పెద్ద హమ్. నేను లేచి స్విచ్చు దాకా వెళ్లేలోపే అంతా చీకటి. ఫ్యూజు పోయింది. ట్రాన్స్‌ఫార్మర్ మీద చెయ్యి వేసి చూస్తే ఎప్పటి వెచ్చదనమే. ఆ షార్టు ప్రైమరీ నుంచి లాగింది 4 ఆంపియర్ల దగ్గర ఉంటుందని నా లెక్క. పాత 3.15 ఫ్యూజు అయితే 4 ఆంపియర్లను గంటలకొద్దీ మోసేది. నేను గదిలో లేకపోయుంటే సంగతి ఏమిటి? ఈ ఒక్క సంఘటనతో ఈ బిళ్ల నా నమ్మకం సంపాదించుకుంది. ఆ తర్వాత ట్యూబుతో పాటు బిళ్లను కూడా మార్చాను. 2 ఆంపియర్ల భాగం కొన్ని సెకన్లు రెట్టింపు మోసింది, పగుళ్లేమీ కనబడకపోయినా మళ్లీ దాన్నే నమ్ముకోవడం నాకు ఇష్టం లేకపోయింది.

ఒక జాగ్రత్త మాట. ట్యూబు బయాస్ (అందులో పారే కరెంటును అదుపులో ఉంచే వోల్టేజి) తప్పి ప్లేటు ఎర్రబడే రకం జబ్బుకు 1.6 ఫ్యూజు కూడా పోకపోవచ్చు, ఎందుకంటే అక్కడ అదనంగా పారే కరెంటు తక్కువ. దానికి ఒక్కో ట్యూబు కేథోడ్‌లోనో, హెచ్‌టీ (ప్లేట్లకు వెళ్లే హై వోల్టేజి) లైన్లోనో వేరే చిన్న ఫ్యూజు ఉండాలి. థర్మిస్టర్ ఆ పని చెయ్యదు.

ఇప్పుడు లోపాలు. పెద్దది ఒకటే, కానీ నిజంగా పెద్దది: వేడిగా ఉన్నప్పుడు ఇది కాపలా కాయదు. యాంప్ ఆపి వెంటనే ఆన్ చేస్తే బిళ్ల ఇంకా నాలుగైదు ఓమ్‌ల దగ్గరే ఉంటుంది, కోర్ దెబ్బ దాదాపు పూర్తిగా తగులుతుంది. హీటర్లు అప్పటికి వేడిగానే ఉంటాయి కాబట్టి వాటికి ఇబ్బంది లేదు, కష్టమంతా కోర్‌కూ ఫ్యూజుకూ. చల్లబడటానికి ఒకటి రెండు నిమిషాలు ఇవ్వాలి, మూసిన ఛాసిస్‌లో ఇంకాస్త ఎక్కువ. మనం ఆపి ఆగడం సులువే. కరెంటు పోయి క్షణంలో వచ్చేస్తే మన చేతుల్లో ఏముంది? కరెంటు పోగానే స్విచ్చు ఆపేసే అలవాటు చేసుకోవడం ఒక్కటే దారి.

రెండో లోపం వాడకాన్ని బట్టి ఉంటుంది. నా యాంప్‌లా ఎప్పుడూ దాదాపు ఒకే కరెంటు తీసుకునేవాటికి ఇది బాగా నప్పుతుంది. క్లాస్ ఏబీలో గట్టిగా వాయించే గిటార్ యాంప్‌లో వాయించేటప్పుడు ఒక కరెంటు, ఊరుకున్నప్పుడు ఒక కరెంటు. బిళ్ల ఆ మార్పుల వెనకాల నిదానంగా వేడెక్కుతూ చల్లబడుతూ ఉంటుంది, హెచ్‌టీ వోల్టేజి కొంచెం ఊగుతుంది. అలాంటి యాంప్‌లో నేనైతే దీన్ని ఒంటరిగా వాడను.

దీనికి ప్రత్యామ్నాయం రిలే ఉన్న సాఫ్ట్ స్టార్ట్ బోర్డు. సిమెంటు రెసిస్టర్లు మొదటి సెకను రెండు సెకన్లు అడ్డం ఉంటాయి, తర్వాత రిలే పడి వాటిని దాటవేస్తుంది. సిద్ధాంతంలో ఇదే మేలైనది. పనిచేసేటప్పుడు వేడి లేదు, వోల్టేజి నష్టం లేదు, టైమరు త్వరగా రీసెట్ అయ్యే రకమైతే వెంటనే ఆన్ చేసినా కాపాడుతుంది. సీఎల్-90 కన్నా ముందు ఇదే యాంప్‌లో పేరూ ఊరూ లేని రెడీమేడ్ బోర్డు ఒకటి వాడాను. కొన్నాళ్లు బ్రహ్మాండంగా పనిచేసింది. ఒకరోజు యాంప్ నీరసంగా పలుకుతూ, లోపల్నుంచి కాలిన వాసన వచ్చింది. తెరిచి చూస్తే రిలే పడటం లేదు, రెసిస్టర్లు అడ్డంగానే ఉండిపోయి మాడుతున్నాయి, వాటి కింద బోర్డు కాఫీ రంగుకు తిరిగింది. కారణం, రిలేకు కరెంటు ఇచ్చే డ్రాపర్ కెపాసిటర్ తన విలువలో చాలా భాగం పోగొట్టుకుంది. ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా కెపాసిటర్‌తో మెయిన్స్ దించుకునే చవక బోర్డులన్నిటికీ ఈ జబ్బు ఉంటుంది. పైగా అలాంటి బోర్డులో ప్రతి రాగి గీతా మెయిన్స్‌తో సమానమే, తెరిచి ఉన్నప్పుడు ఎక్కడ ముట్టుకున్నా షాకే. బోర్డు కొనేవాళ్లు రెసిస్టర్లకు ఆనించి థర్మల్ ఫ్యూజు ఉందో లేదో చూడండి. లేకపోతే వదిలెయ్యండి. సీఎల్-90 పాడైతే సాధారణంగా పగిలి తెగిపోతుంది, యాంప్ ఆన్ కాదు, కథ అక్కడితో సరి.

రెండింటినీ కలిపినవాళ్లూ ఉన్నారు: రెసిస్టర్ల బదులు థర్మిస్టర్, దాని మీదుగా రిలే. కొన్ని సెకన్ల తర్వాత రిలే బిళ్లను దాటవేస్తుంది, బిళ్ల చల్లబడి మళ్లీ కాపలాకు సిద్ధంగా ఉంటుంది. రిలే పడకపోయినా బిళ్ల తన మామూలు పని తాను చేస్తుంది, ఏదీ మాడదు. ఇంతకన్నా మంచి ఏర్పాటు నాకు తెలియదు. గిటార్ యాంప్‌ల వాళ్లకు నా సలహా ఇదే.

ట్యూబుల ఆయుష్షు మాట మిగిలింది. చల్లటి హీటరు మీద పడే దెబ్బ కల్పన కాదు. 18 వేల దాకా ట్యూబులతో నడిచిన ఎనియాక్ కంప్యూటర్‌లో ట్యూబులు ఎక్కువగా పోయింది ఆన్ చేసి వేడెక్కేటప్పుడు, ఆపి చల్లబడేటప్పుడే. అందుకే దాన్ని వీలైనంతవరకు ఆపకుండా నడిపారు. హీటర్లన్నీ ఒకే దండలా సిరీస్‌లో ఉండే పాత రేడియోల్లో, టీవీల్లో బ్రిమిస్టర్ లాంటి థర్మిస్టర్లు పెట్టింది కూడా ఇందుకే. సిరీస్‌లో ముందుగా వేడెక్కే ట్యూబు మిగతావాటి వోల్టేజిని లాగేసుకుంటుంది. అమెరికాలో ఇదే సమస్యకు 6ఎస్ఎన్7జీటీబీ లాంటి ట్యూబులను 11 సెకన్ల నిర్ణీత సమయంలో వేడెక్కేలా చేశారు. మన యాంప్‌లలో హీటర్లు సమాంతరంగా ఉంటాయి, రోజుకు ఒకటి రెండుసార్లు ఆన్ చేస్తాం. ఇక్కడ ట్యూబు పోయేది చాలావరకు కేథోడ్ అరిగి, హీటరు తెగి కాదు. కాబట్టి ఆయుష్షు రెట్టింపు అవుతుందని ఆశపడి దీన్ని కొనకండి. హీటర్లు వేడెక్కకముందే ప్లేట్ల మీదికి వోల్టేజి రావడాన్ని కూడా ఇది ఆపదు. బిళ్ల సెకను రెండు సెకన్లలో దిగిపోతుంది, ట్యూబులకు పది పదిహేను సెకన్లు కావాలి. ఆ జాప్యం కావాలంటే హెచ్‌టీకి వేరే టైమరు పెట్టుకోవాలి, లేదా జీజెడ్34 లాంటి నిదానం రెక్టిఫయర్ వాడాలి.

నా దగ్గరే ఇంకో చిన్న యాంప్ ఉంది, ఒక్కో చానెల్‌కు ఒక్క ఈఎల్84, ఈజెడ్81 రెక్టిఫయర్, పాతకాలపు ఈఐ ట్రాన్స్‌ఫార్మర్. దానిలో సీఎల్-90 పెట్టలేదు, పెట్టే ఉద్దేశమూ లేదు. ఈజెడ్81 తనంతట తానే నిదానంగా లేస్తుంది, ఈఐ కోర్ దెబ్బ మృదువుగా ఉంటుంది, 1 ఆంపియర్ స్లో-బ్లో ఫ్యూజు ఇంతవరకూ అనవసరంగా పోలేదు. పైగా అది తీసుకునే కొద్దిపాటి కరెంటుకు బిళ్ల సరిగా వేడెక్కక ఇరవై ఓమ్‌ల దగ్గరే ఆగిపోతుంది.